డైనరు స్టూలు, చూరులో గ్లాసు

మొన్న శనివారం పదకొండింటికి అమ్మ ఫోన్ చేసింది. ఎప్పుడూ అడిగే మొదటి ప్రశ్నే, "ఏం తిన్నావురా?" అని.

"ఇంకా ఏం తినలేదమ్మా. ఇప్పుడే లేచా. డైనరుకి బయల్దేరుతున్నాం."

"పదకొండింటికి తినేది టిఫినా, భోజనమా?"

"రెండూ కాదు, బ్రంచి."

"అంటే ఒక పూట ఎగ్గొట్టి, దానికో పేరు పెట్టుకున్నారన్నమాట" అని ఒక్క ముక్కలో తేల్చి పారేసింది. నూట ముప్ఫై ఏళ్ళ చరిత్రని అంత పొట్టిగా ఎవరూ చెప్పి ఉండరు :)

నేను న్యూజెర్సీకి వచ్చి మూడేళ్ళయింది. వారమంతా స్టాండప్పులు, టికెట్లు, శుక్రవారం రాత్రి ఇండియా టీముతో రిలీజు కాలు. శనివారం పొద్దున్న నేనూ, మా రూమ్మేటూ అపార్టుమెంటుకి దగ్గర్లో హైవే పక్కనున్న డైనరుకి వెళ్ళి పడతాం. మీలో ఈ చుట్టుపక్కల ఉండేవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. బయట మెరిసే స్టీలు రేకు, లోపల ఎర్ర రెగ్జిను సోఫాలు, పొడుగాటి కౌంటరు, దాని ముందు గిర్రున తిరిగే స్టూళ్ళు, పెళ్ళి పుస్తకమంత మెనూ. అందులో ప్యాన్‌కేకులుంటాయి, ఆమ్లెట్లుంటాయి, మీట్‌లోఫు, గ్రిల్డ్ చీజు, ఉడకేసి మెదిపిన బంగాళాదుంప, ఆ పక్కనే గ్రీకు జైరో కూడా ఉంటుంది. కాఫీ ఒకసారి చెబితే చాలు, కప్పు ఖాళీ అవకుండా పోస్తూనే ఉంటారు. మా వాడు కోడిగుడ్డు వరకూ తినే శాకాహారి. వాడి ఆమ్లెట్‌లో హేమ్ పడలేదని నేను హామీ ఇచ్చాకే ఫోర్కు పట్టుకుంటాడు.

ఆ రోజు సోఫాలు ఖాళీ లేక కౌంటరు దగ్గర కూర్చున్నాం. నాకు కుడిపక్క ఎవరో ట్రక్కు డ్రైవరు, ఎడంపక్క మా వాడు, వాడి అవతల చర్చి బట్టల్లో ఒక నల్లజాతి ముసలావిడ. అందరికీ ఒకే రకం తెల్లటి మందపాటి కప్పు. తినేసి వచ్చాక ఈ డైనరు కథేమిటో చూద్దామని మొదలుపెట్టి ఆదివారం కూడా అక్కడే గడిపేశాను. చదివినదాంట్లో కొంత సరదాగా ఉంది, కొంత నా మెడలోనే గుచ్చుకుంది. రెండూ చెబుతాను.

ముందు బ్రంచి సంగతి. ఈ మాట అమెరికాది కాదు, ఇంగ్లండుది. 1895లో గై బెరింజర్ అనే ఆయన ఒక వేటగాళ్ళ వారపత్రికలో బ్రంచి కావాలంటూ ఒక వ్యాసం రాశాడు. అప్పట్లో వాళ్ళకి ఆదివారం చర్చి నించి రాగానే భారీ భోజనం చేయడం ఆనవాయితీ. అది మానేసి మధ్యాహ్నం దగ్గర పడ్డాక టీ, కాఫీలతో మెల్లిగా మొదలుపెట్టి తింటే పోలా అన్నాడాయన. ముఖ్యమైన లాభమేమిటంటే, శనివారం రాత్రి పొద్దుపోయేదాకా తాగినవాళ్ళు పొద్దున్నే లేవక్కర్లేదు! అంటే బ్రంచి పుట్టిందే తీరుబడి ఉన్నవాడి కోసం.

డైనరు పుట్టుక దీనికి పూర్తిగా రివర్సు. అది నిద్రపోవడానికి వీల్లేనివాడి కోసం పుట్టింది. 1872లో రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని ప్రావిడెన్సులో వాల్టర్ స్కాట్ అనే ఆయన (నవలలు రాసిన స్కాట్ కాదు లెండి) ఒక గుర్రబ్బండిని తిండిబండిగా మార్చి ప్రావిడెన్స్ జర్నల్ అనే పత్రిక ఆఫీసు ముందు పెట్టాడు. ఆయనకీ అచ్చుయంత్రాల దగ్గర పని చేసిన అనుభవం ఉంది. రాత్రి డ్యూటీ వాళ్ళకి ఆకలేస్తే ఊళ్ళో హోటళ్ళన్నీ అప్పటికే మూసేసి ఉంటాయని తెలుసు. శాండ్‌విచ్చి, ఉడికించిన గుడ్డు, పై ముక్క, కాఫీ. చాలామటుకు ఏదైనా ఐదు సెంట్లే. కొనేవాళ్ళు రోడ్డు మీద నిలబడి తినాలి. అంటే ఇది అచ్చంగా మన అమీర్‌పేట మిడ్‌నైట్ బండి లాంటిదే. నైట్ షిఫ్టు సపోర్టు చేసినవాళ్ళకి ఆ బండి విలువ విడమరిచి చెప్పాలా?

రోడ్డు మీద నిలబడితే వానొస్తే ఎలా? ఈ రిక్వైర్‌మెంటు 1887లో నెరవేరింది. మసాచుసెట్సులోని వుస్టర్‌లో శామ్యూల్ జోన్స్ అనే ఆయన మనుషులు లోపలికి వచ్చి నిలబడి తినేంత పెద్ద బండి చేయించాడు. 1891లో అదే ఊరికి చెందిన చార్లెస్ పామర్ అలాంటి బండి డిజైనుకి పేటెంటు తీసుకున్నాడు. తర్వాత ఊళ్ళలో బళ్ళు ఎక్కువైపోయి, పొద్దున్నకల్లా రోడ్డు ఖాళీ చేయాలని మునిసిపాలిటీలు రూల్సు పెట్టసాగాయి. రాత్రి బేరంతో పాటు పగటి బేరం కూడా కావాలనుకున్నవాళ్ళు చక్రాలు పీకేసి ఏదో ఒక ఖాళీ స్థలంలో బండిని శాశ్వతంగా దింపేశారు.

డైనర్లంటే పాత రైలుపెట్టెలు అని మనలో చాలామంది అనుకుంటాం. నేనూ నిన్నటిదాకా అలాగే అనుకున్నా. కరెంటు ట్రాములు వచ్చాక పనికిరాకుండా పోయిన గుర్రపు ట్రాముల్ని కొందరు తిండిదుకాణాలుగా మార్చిన మాట నిజమే. కానీ ఎక్కువ డైనర్లు ఫ్యాక్టరీలో ఆ పని కోసమే తయారైనవి. రైల్లోని డైనింగ్ కారులా కనబడాలని అలా కట్టారు. ఆ డైనింగ్ కారు పేరే పొట్టిగా డైనరు అయింది. వుస్టర్ లంచ్ కార్ కంపెనీ 1906 నించి 1957 దాకా 651 డైనర్లు కట్టింది. మా న్యూజెర్సీ అయితే ఈ పరిశ్రమకి అడ్డా. బేయాన్‌లో మొదలైన జెర్రీ ఒమహోనీ, హారిసన్‌లో కల్మన్, పాటర్సన్‌లో సిల్క్ సిటీ పేరుతో కట్టిన కంపెనీ... అన్నీ ఇక్కడివే. (పాటర్సన్ పట్టుమిల్లుల ఊరు. అందుకే ఆ పేరు.)

సాఫ్ట్‌వేరు వాడి కళ్ళతో చూస్తే ఇది భలే ముచ్చటగా ఉంటుంది. కౌంటరు, స్టూళ్ళు, పెనం, ఐస్ పెట్టె, టైల్సు, పొగగొట్టం అన్నీ ఫ్యాక్టరీలోనే బిగించేసి, రైలు మీదో ట్రక్కు మీదో తెచ్చి, పునాది మీద కూర్చోబెట్టి, నీళ్ళూ కరెంటూ కలిపితే దుకాణం రెడీ. డబ్బు చాలనివాళ్ళకి కట్టిన కంపెనీయే వాయిదాల మీద ఇచ్చేది. వెడల్పు ఎందుకంత తక్కువ? రోడ్డు మీదా, వంతెనల కిందా పట్టాలి కదా! తర్వాత్తర్వాత పెద్దవి కావలసివచ్చి ముక్కలుగా తెచ్చి అతికించడం మొదలెట్టారు. డిప్లాయ్‌మెంటు కష్టాలు డిజైనుని ఎలా శాసిస్తాయో మనకి ఎవరూ నేర్పక్కర్లేదుగా.

ఆర్డర్లు అరవడానికి వీళ్ళకో ప్రోటోకాలు కూడా ఉండేది. టోస్టు మీద రెండు పోచ్‌డ్ గుడ్లని 'తెప్ప మీద ఆదాము, అవ్వ' అనేవారు. గుడ్లని చిదపాలంటే 'పడవ ముంచెయ్' అన్నట్టు ఒక్క మాట. ఐటం అయిపోతే 'ఎయిటీ సిక్స్'. మన ఫోర్ నాట్ ఫోర్ లాగన్నమాట.

ఇక కౌంటరు దగ్గర ఎవరు కూర్చోవచ్చు అన్నది అసలు కథ.

మొదట్లో డైనరంటే మగవాళ్ళ చోటు. ఫ్యాక్టరీ పనివాళ్ళు, డ్రైవర్లు, పోలీసులు. స్టూలెక్కి కూర్చోవడం మర్యాదస్తురాలైన ఆడదానికి తగదని ఒక లెక్క. 1920ల్లో ఓనర్లు లెక్కలేసుకుని చూస్తే సగం జనాభా బేరం పోతోందని అర్థమైంది. గుమ్మం మీద 'ఆడవారికి ఆహ్వానం' అని బోర్డులు పెట్టారు, కిటికీల్లో పూలకుండీలు పెట్టారు, స్టూలు ఎక్కక్కర్లేకుండా పక్కన బల్లలూ, సోఫాలూ వేశారు. మనం శనివారం కాళ్ళు చాపుకుని కూర్చునే సోఫా వెనక ఇంత కథ ఉంది. పనివాడి తిండిబండి మెల్లిగా కుటుంబం వచ్చే చోటైంది. తీరుబడివాడి బ్రంచి, నిద్రలేనివాడి బండి చివరికి ఒకే బల్ల దగ్గర కలిశాయి.

ఓనర్లు మారారు కూడా. మా వైపు డైనర్లు చాలావరకు గ్రీకుల చేతుల్లో ఉన్నాయి. వీళ్ళలో ఎంతోమంది 1965 తర్వాత వచ్చినవాళ్ళు. ఆ ఏడు అమెరికా పాత దేశాలవారీ కోటాలు తీసేస్తూ ఇమిగ్రేషన్ చట్టం మార్చింది. మన తెలుగు డాక్టర్లు, ఇంజనీర్లు ఈ దేశంలో దిగడానికి తలుపు తెరిచింది కూడా ఆ చట్టమే. కౌంటరు వెనకాల నిలబడ్డ ఆయనా, ముందు కూర్చున్న నేనూ ఒకే గుమ్మంలోంచి వచ్చామన్నమాట. ఆయన వాళ్ళూ వచ్చి కాఫీ పోశారు, మనం వచ్చి కోడ్ రాశాం.

అయితే ఆ స్టూలు అందరికీ అంత సులువుగా దొరకలేదు. చాలాచోట్ల నల్లవాళ్ళు లోపల కూర్చోకూడదు. వెనక కిటికీ దగ్గర పొట్లం కట్టించుకుని బయటికి పోవాలి. 1875లో ఒకసారి చట్టం చేసి సత్రాల్లో, బళ్ళలో, నాటకశాలల్లో రంగు చూడకూడదన్నారు. 1883లో సుప్రీం కోర్టు దాన్ని కొట్టేసింది. మళ్ళీ అలాంటి చట్టం రావడానికి 81 ఏళ్ళు పట్టింది.

ఇందులో మనవాళ్ళు కూడా ఉన్నారు. 1955లో అప్పటి భారత రాయబారి జి.ఎల్. మెహతా హ్యూస్టన్ విమానాశ్రయంలో భోజనానికి కూర్చుంటే, ఇక్కడ కాదు, ఆ వేరే గదిలోకి వెళ్ళండి అన్నారు. విదేశాంగమంత్రి డల్లెస్ క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. 1957లో డెలావేర్‌లో డోవర్ దగ్గర ఘనా ఆర్థికమంత్రి గ్బెడెమా ఒక రెస్టారెంటులో ఆరెంజ్ జ్యూసు అడిగితే, ఇక్కడ తాగకూడదు, బయటికి తీసుకుపొమ్మన్నారు. విషయం పేపర్లకెక్కాక ప్రెసిడెంటు ఐసెన్‌హోవర్ ఆయన్ని వైట్‌హౌసుకి పిలిచి బ్రేక్‌ఫాస్టు పెట్టాడు. 1961లో చాద్ రాయబారి మాలిక్ సో మేరీల్యాండులో రూట్ 40 మీద కాఫీ కోసం ఒక డైనర్‌లో ఆగితే పొమ్మన్నారు. న్యూయార్క్ నించి వాషింగ్టన్ వెళ్ళే దౌత్యవేత్తలు ఆ రోడ్డు మీదే పోయేవాళ్ళు కాబట్టి కెనెడీ ప్రభుత్వానికి అదో పెద్ద తలనొప్పైపోయింది.

అప్పుడు బాల్టిమోర్ ఆఫ్రో అమెరికన్ అనే పత్రిక విలేకరులు ముగ్గురు ఒక పని చేశారు. ముగ్గురూ అమెరికా నల్లవాళ్ళే. అద్దె దుస్తులేసుకుని, పెద్ద కారెక్కి, 'గోబాన్' అనే లేని దేశం నించి వచ్చిన ప్రముఖుల్లా అదే రోడ్డు మీద హోటళ్ళకి వెళ్ళారు. మామూలుగా అయితే వాళ్ళని గుమ్మం తొక్కనివ్వని రోడ్డు మీదే కొన్నిచోట్ల మర్యాదగా కూర్చోబెట్టి వడ్డించారు! చదివి చాలాసేపు నవ్వుకున్నాను. తర్వాత నవ్వు రాలేదు. అంటే ఆ తలుపు దగ్గర చెకింగు రంగుకి మాత్రమే కాదు. 'ఈ మనిషి మా ఊరి లెక్కలో ఎక్కడుండాలి' అన్నదానికి. పరాయిదేశపు మంత్రి అయితే లెక్కలోకి రాడు, పక్కవీధివాడైతే వస్తాడు.

అంతకు ముందు ఏడాదే, 1960 ఫిబ్రవరి 1న, నార్త్ కరోలినాలోని గ్రీన్స్‌బరోలో నలుగురు కాలేజీ కుర్రాళ్ళు వూల్‌వర్త్ దుకాణంలో ఏవో చిన్న వస్తువులు కొని, అదే కొట్లో ఉన్న లంచ్ కౌంటరు దగ్గర కూర్చుని కాఫీ అడిగారు. అది డైనరు కాదు గానీ స్టూళ్ళూ, కౌంటరూ అవే. అక్కడ వస్తువులు కొంటే డబ్బు తీసుకున్నారు, ఇక్కడ కాఫీకి ఎందుకు తీసుకోరు అన్నదే వాళ్ళ ప్రశ్న. కాఫీ ఇవ్వలేదు. వాళ్ళు లేవలేదు. మర్నాడు ఇంకొంతమంది వచ్చారు. కొద్ది రోజుల్లోనే వందలమందయ్యారు. జులై 25న కౌంటరు తెరుచుకుంది. అక్కడ మొదట కూర్చుని తిన్న నల్లవాళ్ళు ఎవరో తెలుసా? ఆ కొట్లోనే పని చేసేవాళ్ళు. రోజూ వాళ్ళ చేత్తో వండింది తెల్లవాళ్ళు తినొచ్చు, వాళ్ళు మాత్రం అక్కడ కూర్చోకూడదు. ఆ కౌంటరులో కొంత భాగం ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది.

చట్టం 1964 జులైలో వచ్చింది. బర్మింగ్‌హామ్‌లో ఒక బార్బెక్యూ హోటలు వాళ్ళు మా కొట్టు మా ఇష్టం, ఇది కేంద్రం వ్యవహారం కాదని కోర్టుకెళ్ళారు. వాళ్ళు కూడా నల్లవాళ్ళకి పొట్లాలే కట్టేవారు. ఏడాదిలో మీరు కొన్న దాదాపు లక్షన్నర డాలర్ల సరుకులో 46 శాతం వేరే రాష్ట్రాల నించి వచ్చిన మాంసం, కాబట్టి ఇది అంతర్రాష్ట్ర వాణిజ్యమే అని ఆ డిసెంబరులో సుప్రీం కోర్టు తేల్చింది. మనిషి పక్కన మనిషి కూర్చునే హక్కుని చివరికి మాంసం బిల్లులు గెలిపించాయి!

ఇక్కడిదాకా చదివి, మనమెంత నయం అనుకోబోయాను. నిజంగానే కాగితం మీద మనమే ముందు. మన రాజ్యాంగం 15వ అధికరణం దుకాణాల్లో, హోటళ్ళలో కులం, మతం పేరుతో ఎవర్నీ ఆపకూడదని 1950లోనే చెప్పింది. మెహతా గారిని హ్యూస్టన్‌లో లేచి వెళ్ళమన్న 1955లోనే మన దేశంలో అంటరానితనం నేరాల చట్టం అమల్లోకి వచ్చింది. స్పెసిఫికేషను మనదే ముందు. మరి ఇంప్లిమెంటేషను?

మా ఊరి సెంటర్లో ఒక టీకొట్టుండేది. నేను మూడో క్లాసులో ఉన్నప్పుడు, అంటే 2005 ప్రాంతం. నాన్నతో వెళ్తే నాకు గాజుగ్లాసులో పాలు పోసిచ్చేవాడు. తాకిన గ్లాసుని బకెట్లో ముంచి కొట్టువాడే కడిగేవాడు. అదే కొట్టుకి తాటాకు చూరు ఉండేది. ఆ చూరులో నాలుగైదు గ్లాసులు బోర్లించి గుచ్చి ఉండేవి. నా క్లాసులో, నా బెంచీ మీదే కూర్చునే ఒక స్నేహితుడు వాళ్ళ నాన్నతో వస్తే ఆ చూరులోంచి గ్లాసు తీసుకునేవాడు. పైనించి పోసేవారు. వాడు బల్ల మీద కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. ఎందుకని నేనెవర్నీ అడగలేదు. చూరులో గ్లాసులు ఉండటం నాకు చెట్టుకి ఆకులుండటం లాగే అనిపించేది. మాది ఏ వైపు గ్లాసో మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది.

నేను ఇంటర్‌కొచ్చేసరికి ఆ గ్లాసులు లేవు. కొట్లో అందరికీ ప్లాస్టిక్ కప్పులొచ్చాయి. మా ఊరు మారిపోయిందని చాలా ఏళ్ళు అందరికీ గర్వంగా చెప్పుకున్నాను. గ్రీన్స్‌బరో గురించి చదువుతుంటే అనిపించింది, అది ఫిక్సు కాదు, వర్కెరౌండు. తాగి పారేసే కప్పుకి ఎవరి నోరు తగిలినా ఎవరికీ ఇబ్బంది లేదు. ఎవరి గ్లాసు ఎవరూ కడగక్కర్లేదు. బగ్గు అలాగే ఉంది, ఎర్రర్ మెసేజి మాత్రం రావడం మానేసింది.

ఆదివారం రాత్రి ఆ స్నేహితుడికి ఫోన్ చేశాను. వాడిప్పుడు హైదరాబాదులో టెస్టింగులో ఉన్నాడు. పండగలకి మెసేజీలు తప్ప మాట్లాడుకుని రెండేళ్ళయింది. కాసేపు అప్రైజళ్ళ గురించి, ఇళ్ళ అద్దెల గురించి మాట్లాడి, ఎలాగో విషయంలోకొచ్చాను. చూరులో గ్లాసులు గుర్తున్నాయా అని అడిగాను.

వాడు కాసేపు ఏం మాట్లాడలేదు. "గ్లాసు కాదురా, కడగడం గుర్తుంది. తాగాక మేమే కడిగి మళ్ళీ అక్కడ గుచ్చాలి. నీది ఆయన కడిగేవాడు" అన్నాడు.

నేను కడిగేవాడిని గమనించాను గానీ కడుక్కునేవాణ్ణి గమనించలేదు. ఒకే కొట్టు, ఒకే రోజు, ఇద్దరం ఎనిమిదేళ్ళవాళ్ళం.

"ఇప్పుడెందుకడుగుతున్నావు?" అన్నాడు. డైనరు గురించి చెప్పాను. గోబాన్ కథ చెబితే గట్టిగా నవ్వాడు. "మేం కూడా ఏదైనా దేశం పేరు చెప్పి ఉండాల్సింది" అన్నాడు. ఆ తర్వాత, "ఇన్నాళ్ళకి అడిగావు, పోన్లే" అన్నాడు. అందులో కోపం లేదు. క్షమించానని కూడా చెప్పలేదు. నేనూ అడగలేదు, అది అడిగి తీసుకునేది కాదు కాబట్టి.

అమెరికా మారిపోయింది, మనం మారలేదు అని ముగించడం నా ఉద్దేశం కాదు. నాకు కాఫీ పోసే మనిషికి టిప్పుల మీద బతుకుతున్నందుకు ఫెడరల్ చట్టం ప్రకారం ఓనరు కచ్చితంగా ఇవ్వాల్సిన జీతం గంటకి 2.13 డాలర్లు, అదీ 1991 నించి ఒక్క సెంటు పెరగలేదు. మా రాష్ట్రం కొంచెం ఎక్కువ ఇవ్వమంటుంది, అంతే. ఒకప్పుడు రాత్రంతా తెరిచి ఉండే డైనర్లు 2020 కోవిడ్ తర్వాత చాలావరకు రాత్రిపూట మూసేస్తున్నాయి. ఏ నైట్ డ్యూటీ వాడి కోసం 1872లో ఆ బండి వచ్చిందో వాడికే ఇప్పుడు తలుపు మూసి ఉంటోంది. శనివారం పదకొండింటికి లేచే నాలాంటివాడికి మాత్రం తెరిచే ఉంది.

కానీ ఆ తెల్లటి మందపాటి కప్పు గురించి ఒక మాట. అది పారేసేది కాదు. నా ముందు ఎవరో తాగారు, కడిగారు, నాకిచ్చారు, నా తర్వాత ఇంకొకరు తాగుతారు. ఇంత చిన్న సంగతి కోసం అన్నేళ్ళు కొట్లాట జరిగింది. వచ్చే సంక్రాంతికి ఊరెళ్తున్నాను. వాడు కూడా వస్తానన్నాడు. సెంటర్లో టీ తాగుదామనుకున్నాం. ప్లాస్టిక్ కప్పులో కాదు, గాజుగ్లాసులో పొయ్యమని అడుగుతాం. పోస్తాడో లేదో చూడాలి.

మీ ఊళ్ళో చూరులో గ్లాసులు ఎప్పుడు పోయాయి? పోయాక వాటి స్థానంలో ఏమొచ్చింది? తెలియకపోతే ఈ వారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఒకసారి అడిగి చూడండి.